ఊరుమ్మడి ఇల్లు: చావడినుండి సమాజ మందిరము వరకు

తెలుగుదేశమున ఏ గ్రామమునకు పోయినను, గుడి, చెరువు, శ్మశానము అను మూడింటితోపాటు, ఏ యొక్క గృహస్థునకు చెందక ఊరివారందరికి చెందునట్టి కూర్చుండు తావొకటి కానవచ్చును. కొన్ని యూళ్లలో అది వేపచెట్టు క్రింది రచ్చబండ. కొన్నింట నడివీధిలోని చావడి. కొన్నింట శ్రీరామనవమికి చలువపందిరి వేయు భజన మందిరము. మరికొన్నింట గాజుతలుపుల బీరువాలతో నిలిచిన గ్రంథాలయము. ఇటీవలి యూళ్లలో పంచాయతీ ధనముతో లేచిన సమాజ మందిరము. కట్టినవారు మారిరి, కట్టడపు తీరు మారినది. కాని నలుగురు కూడి తమ యూరి మంచిచెడ్డలు చెప్పుకొనుటకు ఒక నీడ కావలెనను కోరిక మారలేదు. ఆ నీడ చరిత్రము రాజుల చరిత్రమువలె శాసనముల కెక్కినది తక్కువ. కరణముల కవిలెలలోను, ముసలివారి నోళ్లలోను, సంఘముల పద్దుపుస్తకములలోను చెదరియున్నది. దానిని ఒకచోటికి చేర్చి చూచినప్పుడు నాకు దృఢముగా తోచిన విషయమిది: ఊరుమ్మడి ఇల్లు నిలువవలెనన్న, గోడలకంటె ముందుగా దానిని కనిపెట్టియుండు మనిషియు, దానికై కేటాయించిన రాబడియు, ఎవరికిని మూయబడని తలుపును ఉండవలెను. మన పూర్వులు ఒక్కొక్క కాలమున వీనిలో ఒకటి రెండింటిని సమకూర్చుకొనిరి. మూడును ఒక్కచోట కుదిరిన కాలము మిక్కిలి అరుదు.

దక్షిణదేశమున గ్రామసభలు కొలువుదీరిన తావులలో మనకు స్పష్టముగా తెలిసినది తమిళసీమలోని ఉత్తరమేరూరు. మొదటి పరాంతక చోళుని కాలమున, క్రీ.శ. 919, 921 సంవత్సరములలో, అచటి సభవారు తమ కార్యవర్గముల నెన్నుకొను పద్ధతిని రాతిపై చెక్కించిరి. అర్హుల పేర్లు తాటాకుముక్కలపై వ్రాసి కుండలో వేయుట, అభముశుభము తెలియని బాలునిచేత వానిని తీయించుట, చెరువునకు, తోటలకు, బంగారమునకు వేర్వేరు వర్గముల నేర్పరచుట మొదలగు నియమములు ఆ శాసనములందు కలవు. వానిలో మిక్కిలి మెచ్చదగినది వేరొకటి: పూర్వము వర్గమున నుండి లెక్క చెప్పనివాడును, వాని దగ్గరి బంధువులును మరల ఆ పదవికి అర్హులు కారు. వేయి సంవత్సరములకు పూర్వమే ఊరుమ్మడి సొమ్మునకు లెక్క యొప్పజెప్పుట పదవికి ప్రాణమని గుర్తించిన ఆ దూరదృష్టికి నమస్కరింపవలసినదే. అయినను అది స్వంతభూమియు వేదవిద్యయు గల బ్రాహ్మణుల సభ. ఊరివారందరి సభ కాదు. తెలుగు అగ్రహారములందు మహాజనులును, ఇతర గ్రామములందు అష్టాదశ ప్రజలును గుడి మంటపములందు కూడి దానధర్మములకు సాక్షులుగా నిలిచినట్లు మన శాసనములందును కానవచ్చును. లెక్కయు కట్టుబాటును మనకు క్రొత్తవి కావు. అందరి ప్రవేశమే క్రొత్తది.

గుడి మంటపము దేవునిది, రచ్చబండ ఊరిది. దానికి గోడలు లేవు, కప్పు లేదు. రావిని వేపను కలిపి నాటి, వానిచుట్టు రాతితోనో మట్టితోనో మోకాలియెత్తున కట్టిన తిన్నె అది. పొలము పనులు ముగిసిన సాయంకాలమున వానరాకడయు, ఎడ్లధరయు, పొరుగూరి తగవును అక్కడనే తెలియవచ్చెడివి. చావడి దానికి తరువాతి మెట్టు. మూడువైపుల గోడలు, వీధివైపు తెరపి, పెంకునో తాటాకునో మోయు తాటికంబములు, పేడతో అలికిన అరుగు, గూటిలో ఆముదపు దీపము: ఇంతే దాని సంపద. కాని ఆ అరుగుమీద కరణము కవిలెకట్ట విప్పి శిస్తు లెక్క చదివెడివాడు. మునసబు సరిహద్దు తగవు వినెడివాడు. తలారి తన గుదియ నానుకొని రాత్రి కాపలాకు పోవుటకు ముందు ఒక్క కునుకు తీసెడివాడు. ఊరికి వచ్చిన అధికారికి విడిది అక్కడనే, బాటసారికి పడక అక్కడనే. టముకు వేయువాడు బయలుదేరునది అక్కడినుండి. తోలుబొమ్మలాటవారు వచ్చిన రాత్రి ఊరు చేరునది అక్కడికే.

చెన్నపట్టణమునుండి కాశికి పోయివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య 1830, 1831 సంవత్సరముల తన యాత్రను దినచర్యగా వ్రాసినపుడు, దారిపొడుగున ఏ యూర దిగుటకు వసతి కలదో, ఏ యూర నీరు మంచిదో, ఎక్కడ సరకులు దొరకునో శ్రద్ధగా గుర్తించుకొనెను. రైలు లేని ఆ దినములలో, పరదేశికి ఊరి మర్యాద తెలియునది ఆ యూరి సత్రమునను చావడియందునే. చావడి బాగుగానున్న యూరు మంచి యూరని పేరు తెచ్చుకొనెడిది. కనుక దానిని బాగుగా నుంచుట ఊరివారి పరువునకు సంబంధించిన పనిగా నుండెను.

ఈ బాగోగులు ఎట్లు జరిగెడివో తెలిసికొన్నగాని చావడి దీర్ఘాయువునకు కారణము తెలియదు. కరణము, కాపు, తలారి, నీరటికాడు, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి మొదలుగా గల ఆయగాండ్రతో కూడిన గ్రామవ్యవస్థను కంపెనీ కాలపు దొరలు విస్తరించి వర్ణించిరి. 1812లో ఆంగ్ల పార్లమెంటు సంఘము ప్రకటించిన అయిదవ నివేదికలోని గ్రామవర్ణనము లోకప్రసిద్ధము. ఈ ఆయగాండ్రకు రొక్కపు జీతము లేదు. కొందరికి మాన్యము, అందరికి కళ్లము దగ్గర మేర. పంట నూర్చినప్పుడు రైతు తన రాశినుండి కొలిచి యిచ్చు ఆ మేరలోనే చావడి ఊడ్చు కూలియు, దీపపు చమురును, కప్పు నేయుటకు కావలసిన శ్రమయు ఇమిడియుండెను. వడ్రంగి దూలము మార్చెను, కుమ్మరి పెంకు తెచ్చెను, వెట్టివాడు ఊడ్చి నీళ్లు చల్లెను. ఎవరును చందా యడుగలేదు. ఎవరును నేనెందుకు చేయవలెనని ప్రశ్నింపలేదు. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చునని మన సామెత. చావడి అట్లు పుచ్చిపోకుండుటకు, దాని ప్రతి పనికి ఒక పేరును ఒక కొలతయు ముందే కట్టియుంచుటయే కారణము.

అయితే ఈ యేర్పాటును పొగడునప్పుడు దానిలోని అన్యాయమును దాచుట చరిత్రకారునకు తగదు. చావడిని దినదినము ఊడ్చిన వెట్టివాడు అనేక గ్రామములలో దాని అరుగుపై కూర్చుండ వీలులేని కులమువాడు. అతడు తన తగవు చెప్పుకొనవలసి వచ్చినపుడు వీధిలో నిలిచి, దూరమునుండి చెప్పుకొనవలెను. ఈ భేదమును కంపెనీ ప్రభుత్వము తొలగింపకపోగా, చట్టముననే నెలకొల్పెను. 1816లో చెన్నరాజధానియందు గ్రామ మునసబులకు, గ్రామ పంచాయతీలకు, గ్రామ పోలీసునకు సంబంధించిన నిబంధనలు వెలువడెను. వానిలో పదునొకండవ నిబంధనము ప్రకారము, చిన్న తప్పులకు గ్రామాధికారి నేరస్థుని పండ్రెండు గంటలకు మించకుండ చావడిలో నిర్బంధింపవచ్చును. అదే తప్పు చేసినవాడు తక్కువ కులమువాడైనచో, ఆరు గంటలకు మించకుండ బొండకొయ్యలో కాళ్లు బిగింపవచ్చును. ఒకే తప్పు, ఒకే చావడి. ఒకనికి నీడలో కూర్చుండుట, మరొకనికి అందరి యెదుట కాళ్లు బిగియుట. ఊరుమ్మడి ఇంటిపై గల మమకారము ఎంత గొప్పదైనను, ఈ బొండకొయ్యను మరచి దాని చరిత్రము వ్రాయరాదు. ఆ యింటికి మనిషి యుండెను, రాబడి యుండెను. తలుపు మాత్రము కొందరికే తెరచియుండెను. స్త్రీల మాట చెప్పనే అక్కరలేదు. చావడిముందు నడుచునపుడు తల వంచుకొని తొందరగా దాటిపోవుటయే వారికి నేర్పిన మర్యాద.

పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున చావడి మూలము కదలెను. 1858లో ఏర్పడిన ఇనాము కమిషను మాన్యములను ఒక్కటొక్కటిగా పరిశీలించి, పన్ను విధించి, అనుభవదారులకు స్వంత ఆస్తులుగా నిర్ణయించు పద్ధతి తెచ్చెను. గ్రామోద్యోగుల సేవామాన్యములుకూడ క్రమముగా ఆ దారినే పోయి, వారికి ప్రభుత్వము జీతములు నియమించెను. కరణము మునసబులు ఊరికి జవాబుదారులుగా నుండుట తగ్గి, తాలూకా కచ్చేరికి జవాబుదారులైరి. చావడి పన్ను వసూలు చేయు ప్రభుత్వపు గుమ్మముగా మారెను. మేరలు సన్నగిల్లెను; మేరలతోపాటు దూలము మార్చు వడ్రంగియు, పెంకు తెచ్చు కుమ్మరియు తమ బాధ్యతనుండి తప్పుకొనిరి. కరణీక మునసబీలు 1984 వరకు సాగినవి గాని, ఊరి మమకారము చావడిని విడిచి అంతకు చాలకాలము ముందే వెడలిపోయెను.

అది వెడలి ఎక్కడకు పోయినదన్న ప్రశ్నకు సమాధానము మన గ్రంథాలయముల చరిత్రమున కలదు. 1886లో విశాఖపట్టణమున మంతెన ఆదినారాయణమూర్తి అను ఉపాధ్యాయుడు సరస్వతీ నిలయమును స్థాపించెను. 1890లో కందుకూరి వీరేశలింగము పంతులు రాజమహేంద్రవరమున పురమందిరమును నెలకొల్పెను. వితంతు వివాహమును గురించి మాటాడబోయినవానికి ఊరిలో నిలువ నీడ దొరకని ఆ దినములలో, సభకు తగిన స్వతంత్రమైన ఇల్లొకటి లేనిదే స్వతంత్రమైన మాట యుండదని ఆ మహానుభావుడు అనుభవముచే గ్రహించియుండెను. 1897లో భీమవరమునకు చేరువనున్న కుముదవల్లి అను పల్లెలో భూపతిరాజు తిరుపతిరాజు ఆ పంతులుగారి పేరనే వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయమును స్థాపించెను. పట్టణపు కోరిక పల్లెకు చేరుటకు ఎంతోకాలము పట్టలేదు. 1901లో హైదరాబాదున కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు మొదలగువారి పూనికతో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసెను.

ఈ చెదరిన దీపములను ఒక వరుసకు తెచ్చినది 1914 ఏప్రిలులో బెజవాడలో జరిగిన మహాసభ. చిలకమర్తి లక్ష్మీనరసింహము అధ్యక్షత వహించిన ఆ సభలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టెను. దానికి ప్రాణమై నిలిచిన అయ్యంకి వెంకట రమణయ్య గ్రంథాలయమును పుస్తకముల కొట్టుగా గాక ఊరి హృదయస్థానముగా భావించెను. గ్రంథాలయ సర్వస్వమను పత్రికలో ఆయన పల్లెటూరి పఠనమందిరములను నడుపు పద్ధతులను ఓపికతో బోధించెను; గ్రంథాలయ యాత్రలను పేర ఊరూర తిరిగి కార్యకర్తల నొకరికొకరిని పరిచయము చేసెను. గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఆ సంఘమునకు చిరకాలము అధ్యక్షుడై, వయోజన విద్యను దానితో జోడించెను. పాతూరి నాగభూషణము 1935లో పెదపాలెమునుండి పుస్తకములను పడవకెక్కించి, పెదవడ్లపూడి కొల్లూరుల నడుమ కాలువ గట్టున గల పల్లెలకు చేర్చెను. ఇల్లు కట్టుకొనలేని ఊళ్లకు ఇల్లే పడవయై వచ్చెను.

అట్టి గ్రంథాలయము ఏ తీరున నడిచెడిదో దగ్గరగా చూచుట అవసరము. ఊరిలో చదువుకొన్న పదిమంది యువకులు కూడి సంఘముగా నేర్పడి, నియమావళి వ్రాసికొని, ఒకనిని కార్యదర్శిగా, ఒకనిని కోశాధికారిగా నెన్నుకొందురు. మొదట ఎవరి వీధియరుగో, గుడి వసారాయో చాలును. ఇంటింట ఒక కుండ యుంచి, వంటకు బియ్యము పోయునపుడు పిడికెడు దానిలో వేయుమని ఇల్లాండ్రను వేడుకొందురు. వారాంతమున ఆ బియ్యము పోగుచేసి అమ్మగా వచ్చిన సొమ్ముతో పత్రికకు చందా కట్టుదురు. పెండ్లిండ్లలో వధూవరుల పక్షముల పెద్దలు గ్రంథాలయమునకు ఇంత యని చదివింతురు. సాయంకాలము దీపము పెట్టినపిమ్మట అక్షరము వచ్చినవాడొకడు పత్రికను గట్టిగా చదువును. రానివారు చుట్టు కూర్చుండి విందురు. ఆ వినుటలోనే స్వరాజ్యము, ఖద్దరు, కల్లు మానుట, సహకార పరపతి అను మాటలు రైతు చెవిని పడెను. పుస్తకము తీసికొన్నవాని పేరును తేదియు వ్రాయు పద్దుపుస్తకము ఆ చావడి కవిలెకు వారసుడు. ఊరి పన్ను లెక్క వ్రాసిన చోట ఊరి చదువు లెక్క చేరెను. సంవత్సరాంతమున వార్షికోత్సవము, ఆ దినమున ఆదాయవ్యయములు సభలో చదివి వినిపించుట, పిమ్మట హరికథయో నాటకమో ఆడించుట.

ఈ పద్ధతి ఎంత యెత్తునకు పోగలదో చూపినది చీరాల ప్రక్కనున్న వేటపాలెము. నేతపనివారి మగ్గముల చప్పుడుతో నిండిన ఆ గ్రామమున 1918లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి పూనికతో పఠనమందిరముగా మొదలైనది క్రమముగా సారస్వత నికేతనమై, సొంత భవనమునకు 1929లో మహాత్మాగాంధి చేతులమీదుగా శంకుస్థాపనము జరుగు భాగ్యమునకు నోచుకొన్నది. అచటి కార్యకర్తలు చేసిన ఘనకార్యము పాత పత్రికలను పారవేయకుండుట. ఈనాడు తెలుగు పత్రికా చరిత్రమును పరిశోధించువారు విశ్వవిద్యాలయములను దాటి ఒక పల్లెటూరికి ప్రయాణము కట్టుచున్నారన్న, అందుకు ఆ పల్లెవారు ఇరువదవ శతాబ్దపు తొలినాటి పత్రికలను సైతము భద్రపరచి బైండు కట్టించియుంచుటయే కారణము. పాతకాగితము తూకమునకు అమ్మి ఆ సొమ్ము గ్రంథాలయమునకే జమకట్టినను ఎవరును తప్పుపట్టియుండరు. అట్లు చేయకుండ ఒక తరము మరొక తరమునకు తాళపుచెవులతోపాటు ఆ కట్టలను అప్పగించుచు వచ్చుట, ఊరుమ్మడి ఇంటిని కనిపెట్టియుండుట యన నేమో తెలుపును.

నిజాము రాష్ట్రమున ఈ పని మరింత కఠినము. అచట ఊరిలో కూడుటకు గల పెద్ద కట్టడము దొరగారి గడి. దానిలోనికి పోవుట పిలువబడినవానికి భయము, పిలువబడనివానికి నిషిద్ధము. సభ చేయవలెనన్న ముందుగా ప్రభుత్వానుమతి పొందవలెనని గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు అడ్డునిలిచెను. ఆ కారణముచేత 1921లో పుట్టిన ఆంధ్రజన సంఘము గ్రంథాలయములను, పఠనమందిరములను స్థాపించుట తన ప్రధాన కార్యములలో ఒకటిగా చేసికొనెను. 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జోగిపేటలో ప్రథమాంధ్ర మహాసభ జరుగునాటికి, తెలుగు చదువుకొను చోటు అన్న పేరుతో ఊరూర వెలసిన గదులు ప్రజలకు మాటాడు చోటులైనవి. సభకు తావు లేనిచోట పుస్తకములగదియే సభయైనది.

తలుపు మాట యిట్లుండగా, దానిని బయటనుండి తట్టినవారి చరిత్రముకూడ ఇదే కాలమునకు చెందినది. 1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన పంచమ మహాసభ తమకు ఆది ఆంధ్రులన్న పేరు నిర్ణయించుకొనెను. సభ జరిగిన మూడు దినములును కనకదుర్గ గుడి తలుపులు మూసియుంచిరని చరిత్ర చెప్పుచున్నది. 1924లో చెన్నపురి శాసనసభలో రెట్టమలై శ్రీనివాసన్ ప్రతిపాదించిన తీర్మానముచే ప్రజల బాటలు, బావులు, కచ్చేరులు అందరివియు నని ప్రభుత్వము ఒప్పుకొనవలసివచ్చెను. గ్రంథాలయోద్యమకారులలో అనేకులు ఈ విషయమున నిజాయితీతో పనిచేసిరి. ఆదిఆంధ్ర బాలురకు రాత్రి పాఠశాలలు నడిపిరి. అయినను అనేక గ్రామములలో గ్రంథాలయము అగ్రవర్ణ వీధిలో నుండుటచే, చట్టము తెరచిన తలుపును వీధి మూసియుంచెను. తుదకు 1950లో అమలునకు వచ్చిన భారత రాజ్యాంగము తన పదునైదవ అధికరణమున, ప్రభుత్వ ధనముతో నడుచు బావులు, చెరువులు, స్నానఘట్టములు, బాటలు, ప్రజలు కూడు తావులు కులమునుబట్టి ఎవరికిని నిరాకరింపబడరాదని శాసించెను. బొండకొయ్యను గురించిన ఆ 1816 నాటి నిబంధనమునకు, మన దేశము నూటముప్పది నాలుగేండ్లకు ఇచ్చిన ప్రత్యుత్తరమని దీనిని నేను భావింతును.

గ్రంథాలయ సంఘముల లోపము రాబడిలో నుండెను. పిడికెడు బియ్యము పూనిక గల కార్యదర్శి యున్నంతకాలమే వచ్చును. ఆయన ఉద్యోగమునకో చెరసాలకో పోయిన మరునాడు కుండ ఖాళీ. దీనిని చక్కదిద్దుటకే 1948లో మదరాసు పౌర గ్రంథాలయ చట్టము ఇంటిపన్నులో రూపాయికి అరణా వంతున గ్రంథాలయ పన్ను విధించెను. 1955లో హైదరాబాదు రాష్ట్రమునకు, 1960లో ఆంధ్రప్రదేశమంతటికి అట్టి చట్టములు వచ్చెను. దీనిచే ఉద్యోగులు, జీతములు, ఏటేట పుస్తకములు సమకూరినవి. నిస్సందేహముగా ఇది మేలే. కాని పన్ను కట్టినవానికి ఆ యింటిపై గల మమకారము, పిడికెడు బియ్యము వేసిన ఇల్లాలి మమకారముతో సమానము కాలేదు. స్థానిక సంస్థలు వసూలు చేసిన పన్నును గ్రంథాలయములకు సకాలమున చెల్లింపకుండుటయు పలుచోట్ల అలవాటైపోయెను.

1952 అక్టోబరు 2న సమాజ వికాస ప్రణాళిక ప్రారంభమైనపుడు, 1959లో పంచాయతీ రాజ్యమును షాద్‌నగరులో నెహ్రూ ప్రారంభించినపుడు, గ్రామములకు మరల ఒక కేంద్రము కావలెనన్న ఆశ దేశమంతట వ్యాపించెను. పంచాయతీ కార్యాలయపు గోడకు లౌడుస్పీకరు కట్టి, సాయంకాలము రేడియోలో గ్రామస్థుల కార్యక్రమము వినిపించిన దినములను పెద్దలు నేటికిని తలచుకొందురు. ధరలు, పంటల తెగుళ్లు, జానపద గేయములు, వార్తలు: గ్రంథాలయమున గట్టిగా చదివిన పత్రిక ఇప్పుడు తనంత తానే మాటాడసాగెను. ఆ పిమ్మట సమాజ మందిరములు వచ్చెను. 1993నుండి పార్లమెంటు సభ్యుల స్థానికాభివృద్ధి నిధులును వీనికి తోడైనవి. కట్టుటకు ధనము వచ్చినది, తలుపు చట్టరీత్యా అందరికి తెరచినది; ఈ మారు లోపించినది మనిషి. అంచనాలలో సిమెంటు కలదు, ఇనుము కలదు, శంకుస్థాపన ఫలకమునకు పాలరాయి కలదు. ఊడ్చువానికి కూలి, దీపమునకు విద్యుత్తు, మూడేండ్లకొకసారి సున్నమునకు సొమ్ము అను పద్దులు తరచుగా కానరావు. అందుచే అనేక మందిరములు ప్రారంభోత్సవము నాటి సాయంకాలమునుండియే వృద్ధాప్యమును పొందసాగినవి.

ఈ సత్యమును దివిసీమ మనకు కఠినముగా నేర్పినది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో సుమారు 10,000 మంది ప్రాణములు కోల్పోయిన పిమ్మట, కోస్తాతీరమున ఎత్తైన స్తంభములపై, క్రిందుగా నీరు పారిపోవునట్లు, తుఫాను రక్షణ భవనములు నిర్మింపబడెను. వానిని మామూలు దినములలో బడిగానో సమాజ మందిరముగానో వాడుకొనవలెనని పెద్దల సంకల్పము. అది గొప్ప వివేకము. ఏ భవనమున దినదినము పిల్లలు కూర్చుందురో దాని మెట్లు విరిగిన సంగతి ఆ సాయంకాలమే ఊరికి తెలియును. ఏ భవనము గాలివాన కొరకు మాత్రమే వేచియుండునో దాని తలుపు ఆ రాత్రియే తెరచుకొనకపోవచ్చును. నిత్యము వాడబడు ఇల్లే ఆపత్కాలమున ఆదుకొనును.

నలుగురు కూర్చుండు చోటున ఒక దీపము వెలుగుటవలన ఏమగునన్న సందేహము గలవారు నెల్లూరు జిల్లాను తలచుకొందురు గాక. 1990వ దశకపు తొలినాళ్లలో అచట అక్షరదీప కార్యక్రమమున రాత్రి పాఠశాలలకు వచ్చిన కూలిస్త్రీలు, వాచకములోని పాఠమునుండి తమ యిండ్ల సారా దుఃఖమునకు మాట మార్చుకొనిరి. దూబగుంట స్త్రీలు తమ యూరి సారా దుకాణమును మూయించిరి. ఆ నిప్పు ఊరూర ప్రాకి, 1993లో ప్రభుత్వమే సారాను నిషేధింపవలసివచ్చెను. చావడిముందు తల వంచుకొని నడిచిన తరములయొక్క మనుమరాండ్రు వీరు. వీరికి కావలసినది పాలరాతి మందిరము కాదు. చాపలు పరచుటకు తావు, పలకలు, దీపము, రోజూ వచ్చు ఉపాధ్యాయుడు, ఇంతే.

నేడు ఊళ్లలో కట్టడములకు కరవు లేదు. తెలంగాణలో సుమారు 5,000 ఎకరములకొక్కటి చొప్పున 2,601 రైతు వేదికలు నిర్మింపబడెను. ఆంధ్రప్రదేశమున గ్రామ సచివాలయములు కలవు. ఇవిగాక ప్రతి కులమునకు ఒక కల్యాణ మండపము, ధనవంతులకు ఫంక్షను హాళ్లు. ఆ కుల మండపములను చూచినపుడు మనస్సు కలుక్కుమనును. ఎవరి ఇల్లు వారు కట్టుకొనుటలో తప్పు లేదు. కాని ఊరుమ్మడి ఇంటిని పాడుపెట్టి కులమునకొక ఇల్లు కట్టుకొన్న యూరు, చావడి అరుగుమీద నాడు గీచిన గీతనే నేడు సిమెంటుతో మరల గీచుచున్నది.

చరిత్రము చెప్పిన మాటను ఆచరణలోనికి తెచ్చుట కష్టమైన పని కాదు. సమాజ మందిరము కట్టుటకు ముందే దానిని కనిపెట్టియుండు మనిషి యెవరో, వాని నెలజీతము ఎక్కడినుండి వచ్చునో గ్రామసభలో తీర్మానింపవలెను. పెండ్లికి అద్దె ఎంతయో గోడమీద వ్రాసి, అది అన్ని కులములకు ఒక్కటిగా నుంచవలెను. ఆ అద్దెలో కొంతభాగము మరమ్మతుల కొరకు వేరుగా జమకట్టవలెను. మందిరము ఏ పేట మూలనో గాక అన్ని వాడలకు సమదూరమున నుండవలెను. ఉన్నచోటు మార్పరానిదైనచో కార్యవర్గమున అన్ని వాడల వారును, సగమునకు తక్కువ గాక స్త్రీలును ఉండవలెను. ఒక గది గ్రంథాలయమునకు, సాయంకాలము పిల్లల చదువునకు, ఉదయము స్వయం సహాయక సంఘముల సమావేశమునకు కేటాయించి, వారమున ఒక దినముకూడ తాళము పడకుండ చూడవలెను. ఏటేట లెక్క చదివి వినిపింపవలెను. చెప్పనివానిని ఉత్తరమేరూరు సభవారు చేసినట్లు ఆ పదవికి దూరముగా నుంచవలెను.

మన పూర్వుల చావడికి మేర యుండెను, సమానత్వము లేదు. మన తాతల గ్రంథాలయములకు సేవాబుద్ధి యుండెను, నిలుకడగల సొమ్ము లేదు. మనకు సొమ్మును కలదు, రాజ్యాంగము ఇచ్చిన సమానత్వమును కలదు. మిగిలిన పని ఒక్కటే, అది మన చేతిలోనే కలదు. దానిని ప్రభుత్వమునకు వదలక, ప్రతి గ్రామమువారును తమ మందిరమునకు ఒక కార్యదర్శిని, ఒక పద్దుపుస్తకమును, ఒక వార్షిక దినమును ఏర్పరచుకొన్నచో, వేటపాలెమువారు ఒక గ్రామమున సాధించినది తెలుగుదేశమంతట సాధ్యమగుననుటలో నాకు సందేహము లేదు.